తిరుగు ముద్ర

నేను ఒక పాస్‌పోర్టుని. నీలం అట్ట, ముప్పై ఆరు పేజీలు, లోపల బల్లిపర్తి రూతమ్మ ఫొటో. ఫొటో తీసినవాడు నవ్వొద్దన్నాడు గానీ, ఆవిడకి నవ్వొచ్చే పరిస్థితి ఎక్కడిది? మస్కట్‌లో తాపీ పనికి వెళ్లిన భర్త యోహాను మూడో అంతస్తు మీంచి పడి ఆసుపత్రిలో ఉన్నాడు. మాట పోయింది. కళ్లు మాత్రం తలుపు వైపే ఉంటున్నాయని అతనితో పనిచేసే ప్రకాశం ఫోన్ చేశాడు. నేను రూతమ్మ చేతికొస్తే చాలు, మిగతా కాగితాలన్నీ తను చూసుకుంటానన్నాడు.

పోలీసు విచారణ అయ్యాక నన్ను కవరులో పెట్టి రూతమ్మ ఊరు గోగుల్లంక పంపారు. పోస్టుమాన్ సూర్రావుకి నేనంటే భయం. పాస్‌పోర్టు ఎవరిది వాళ్ల చేతికే ఇవ్వాలి మరి. కానీ ఆయనకో అలవాటుంది. దారిలో సిగ్నల్ ఉండదని, బయల్దేరేముందే అన్నిటికీ ‘అందింది’ అని ఫోన్లో కొట్టేస్తాడు. ఆ రోజు రూతమ్మ రొయ్యల షెడ్డులో ఉంది, ఇంటికి తాళం. నన్ను పోస్టాఫీసుకి వెనక్కి తెచ్చి, ఎవరి కంటా పడకూడదని ఓ పాత రిజిస్టరు అట్టలో దోపాడు. ఆ సాయంత్రమే జ్వరం పట్టుకుని వారం రోజులు లేవలేదు. లేచాక నన్ను ఇచ్చేశాననే అనుకున్నాడు మహానుభావుడు!

రూతమ్మ రోజూ పదకొండింటికి వచ్చేది.

“వచ్చిందాండీ?”

“మీకిచ్చేశానమ్మా. ఇదిగో, అందినట్టే ఉంది.”

“నా చేతికి రాలేదండీ బాబూ! ఆయన నా కోసం చూస్తన్నాడండీ.”

“కంప్యూటర్ అబద్ధం చెబుద్దా అమ్మా?”

నేను మూరెడు దూరంలోనే ఉన్నాను. ఒంటినిండా అక్షరాలున్నాయి, పిలవడానికి నోరు లేదు. ఆవిడ గొంతు విన్నప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

ఇరవై మూడో రోజు ఆవిడ వచ్చింది గానీ ఏమీ అడగలేదు. అరుగు మీద కూర్చుని స్తంభానికి తల ఆనించిన చప్పుడైంది. అప్పుడే నా అట్ట తెరుచుకుంది. కవరు చిరగలేదు, రిజిస్టరు కదల్లేదు, గదిలో ఎవరూ లేరు. చల్లటి వేళ్లు నా పేజీలు తిప్పాయి. ఏడో పేజీ మీద ఏదో బరువుగా పడింది. కాసేపటికి ఇంకోటి పడింది. పచ్చి సిరా వాసన వేసింది.

“అమ్మా, ఎండ మీదకొస్తంది, లేవండి,” అన్నాడు సూర్రావు. ఆవిడ లేచి వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడూ రాలేదు.

మర్నాడు పోస్టాఫీసులో అందరూ చెప్పుకుంటుంటే విన్నాను. యోహాను పోయాడట. సరిగ్గా రూతమ్మ అరుగు మీద కూర్చున్న పొద్దునే. ప్రకాశం ఫోన్లో ఏడుస్తూ, “వదినా, పచ్చ చీర కట్టుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నావు కదా. ఆయన నిన్ను చూసే కళ్లు మూశాడు. ఇంతలో ఎటెళ్లిపోయావు?” అన్నాడట. పాపం, దుఃఖంలో మతి చెదిరిందనుకున్నారు.

ఎనిమిది నెలలకి సున్నాలు వేయిస్తూ రిజిస్టర్లు దించారు. నేను సూర్రావు కాళ్ల దగ్గర పడ్డాను. ఆయన చంటిపిల్లాడిలా ఏడ్చాడు. అలా ఏడుస్తూనే నన్ను పట్టుకుని రూతమ్మ ఇంటికి వెళ్లాడు.

ఆవిడ గుమ్మంలో కూర్చునుంది. పిలిస్తే తిరగలేదు.

“ఆయన పోయిన రోజు నుంచీ ఇంతేనండీ,” అంది ఆవిడ అక్క మరియమ్మ. “పెడితే తింటది, పడుకోమంటే పడుకుంటది. మనిషి ఇక్కడున్నట్టే ఉండదండీ.”

ముఖం సరిచూసుకోవాలి కాబట్టి సూర్రావు కవరు చింపి నన్ను తెరిచాడు. ఏడో పేజీ దగ్గర ఆగాడు. రెండు ముద్రలు. ఈ దేశం దాటినట్టు ఒకటి, మస్కట్‌లో దిగినట్టు ఒకటి. రెండిటి మీదా యోహాను పోయిన రోజు తేదీ.

గబగబా మిగతా పేజీలన్నీ తిప్పాడు. తిరిగొచ్చిన ముద్ర కోసం వెతుకుతున్నాడని నాకు తెలుసు. నా ఒళ్లు నాకు తెలియదా? అది లేదు.

పాస్‌పోర్టు ఎవరిది వాళ్ల చేతికే ఇవ్వాలి. ఆయన ఆ గుమ్మం వైపు చాలాసేపు చూసి, నన్ను మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆయన సొరుగులో ఉన్నాను. రూతమ్మ వచ్చాక ఇస్తాడట.