కంఠతా వచ్చిన యుద్ధం

తప్పు నాది. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటే మా ఆయన క్రీస్తుదాసు గారికి దెప్పడానికి ఇక ఏమీ మిగలదు.

2022 సెప్టెంబర్‌లో కెనడాలో, సస్కటూన్‌లోని మా ఇంటి బేస్‌మెంట్‌లో చదువుకునే ఆడపిల్లలు నలుగురు అద్దెకి దిగారు. ఆ ఏడు ఈ ఊళ్లో ఏ బస్సెక్కినా తెలుగే వినపడేది. పదహారేళ్లుగా పన్నెండు కుటుంబాలతో నడిచిన మా తెలుగు క్రైస్తవ ఫెలోషిప్‌కి ఉన్నట్టుండి కుర్చీలు చాలలేదు, సాంబారూ చాలలేదు. నాకైతే పండగలాగే ఉండేది. మాట్లాడటానికి ఎప్పుడూ ఎవరో ఒకరు దొరికేవారు.

నలుగురిలో చిన్నది హోప్. బాపట్ల పిల్ల, అగ్రికల్చర్ డిగ్రీకి వచ్చింది. మట్టి గురించి, గోధుమ గురించి అడిగితే అన్నం చల్లారిపోయేదాకా చెబుతుంది. కానీ డిగ్రీకి ఒక హిస్టరీ కోర్సు కూడా ఉండాలన్నారట. సీట్లు మిగిలింది మొదటి ప్రపంచ యుద్ధం క్లాసులో మాత్రమే.

అక్టోబర్‌లో ఒక సాయంత్రం ఆ పుస్తకం గుండెలకి హత్తుకుని మెట్లెక్కి పైకొచ్చింది. "ఆంటీ, ఈ పేర్లే నోరు తిరగట్లేదు. పన్నెండు రోజుల్లో మిడ్‌టర్మ్. ఏం చెయ్యను?"

నా దగ్గరికి రావడమే దాని పొరపాటు. ముప్పై ఏళ్లు సండే స్కూల్ టీచర్‌ని నేను. కంఠత వాక్యాలు చెప్పించడంలో నా పేరు చెబితే ఒంగోలు నుంచి గుంటూరు దాకా పాస్టర్లు లేచి నిలబడేవారు. నూట పంతొమ్మిదో కీర్తన నూట డెబ్భై ఆరు వచనాలూ నా పిల్లలు గుక్క తిప్పుకోకుండా చెప్పి షీల్డులు తెచ్చేవారు. నాకు తెలిసిన వైద్యం అదొక్కటే. ఏ రోగమొచ్చినా అదే మాత్ర వేస్తాను.

"కంఠతా పట్టెయ్. నేనున్నాను," అన్నాను.

పన్నెండు రోజులు సాగింది మా చదువు. నేను పుస్తకం తెరిచి పెట్టుకుని వెల్లుల్లి వొలిచేదాన్ని. అది ఫ్రిజ్ నుంచి సింకు దాకా, సింకు నుంచి ఫ్రిజ్ దాకా నడుస్తూ ఒప్పజెప్పేది. ఒక్క మాట జారితే చెంచాతో టేబుల్ మీద టక్కున కొట్టేదాన్ని. ఇరవై పేజీలు కామాతో సహా దించేసింది.

పరీక్షయ్యాక వారం తిరక్కుండా ప్రొఫెసర్ నుంచి ఈమెయిల్ వచ్చింది. నీ జవాబు పుస్తకంతో అక్షరం తేడా లేకుండా కలుస్తోంది, వచ్చి మాట్లాడు, కావాలంటే ఒకరిని తోడు తెచ్చుకోవచ్చు, అని. నచ్చజెప్పలేకపోతే విషయం యూనివర్సిటీ కమిటీకి వెళ్తుంది.

"కాపీ అని తేలిస్తే సస్పెండ్ చేస్తారంట ఆంటీ. సస్పెండ్ అయితే నా స్టడీ పర్మిట్ ఏమవుద్ది?" అంటూ హోప్ కిచెన్ నేల మీదే కూలబడి ఏడ్చింది.

"చూశావా జ్ఞానవతీ, నీ శిష్యురాలు నిన్ను మించిపోయింది," అన్నారు మా ఆయన. ఆయనకి ఆ రాత్రి రసం పెట్టలేదు.

నవంబర్ పదో తారీఖు గురువారం, మంచులో ఆయనే డ్రైవ్ చేసి మమ్మల్ని దింపారు. ప్రొఫెసర్ కోవల్చుక్ అరవై దాటిన మనిషి. స్వెటర్ మీద ఎర్రటి పాపీ పువ్వు గుచ్చుకుంది. మర్నాడు యుద్ధంలో పోయినవాళ్లని తలుచుకునే రోజు కదా, ఈ దేశంలో అందరూ పెట్టుకుంటారు. నాకైతే ఆవిడ చూడగానే నచ్చలేదు. మా పిల్లని దొంగన్న మనిషి ఎలా నచ్చుతుంది?

కూర్చోకుండానే మొదలుపెట్టాను. "ఇది కాపీ కొట్టలేదు. నేనే కంఠతా పట్టించాను. అనుమానముంటే ఎక్కడ కావాలంటే అక్కడ అడుగు," అని నాకొచ్చిన ఇంగ్లీషులో గట్టిగానే చెప్పాను.

ఆవిడ పుస్తకం మధ్యలో తెరిచి సగం వాక్యం చదివింది. హోప్ నిటారుగా నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, కళ్లు మూసుకుని అందుకుంది. పేజీ దాటింది, ఇంకో పేజీ దాటింది. ఫొటో కింద రాసిన రెండు లైన్లు కూడా వదల్లేదు. ప్రొఫెసర్ మెల్లిగా పుస్తకం మూసేసింది. నాకు జిల్లా పోటీల్లో షీల్డు అందుకున్నంత సంతోషమైంది. హ్యాండ్‌బ్యాగ్ భుజాన వేసుకుని లేచాను.

"కూర్చోండి," అంది ఆవిడ. "చూసి రాయలేదని నమ్ముతున్నాను. కానీ మాటలు వేరొకరివి. చూసి రాసినా చూడకుండా రాసినా నాకు ఒకటే." ఆవిడ హోప్ వైపు తిరిగింది. "యుద్ధం ఎలా మొదలైంది, ఎలా పాకింది, ఎలా ముగిసింది? నీ మాటల్లో చెప్పు. చెప్పగలిగితే దానికే మార్కులేస్తాను. చెప్పలేకపోతే కమిటీకి పంపక తప్పదు."

హోప్ నోరు తెరిచింది. పుస్తకం మొదటి వాక్యమే వచ్చింది. ఆగి, గుటక వేసి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి రెండో పేరా వచ్చింది. మూడోసారి ఫొటో కింద లైన్లు వచ్చాయి. ఇంగ్లీషులోకి వెళ్లిందంటే చాలు, నేను వేసిన పట్టాల మీదే బండి పరుగెడుతోంది. దాని పెదాలు వణికాయి. పన్నెండు రోజుల్లో ఒక్కసారి, ఒక్కసారైనా, "ఇదంతా ఏంటే, నీకేం అర్థమైంది?" అని అడిగానా? లేదు. ముప్పై ఏళ్లలో ఏ పిల్లనీ అడగలేదు. సిగ్గేసింది. నాకు సిగ్గేస్తే కోపం వస్తుంది.

"ఏమే హోప్! ఆ ఇంగ్లీషు అవతల పారెయ్. మీ నానమ్మ ఫోన్లో అడిగిందనుకో, ఆవిడకేం చెబుతావు?" అని తెలుగులో అరిచాను.

హోప్ బిత్తరపోయి చూసింది. "నానమ్మకా? నానమ్మకైతే... మన పాలెం కేరల్స్ గొడవ లాంటిదేనని చెబుతా."

ఏమందని ప్రొఫెసర్ అడిగింది. చెప్పాను. డిసెంబర్‌లో, క్రిస్మస్‌కి ముందు, మా వైపు ప్రతి వీధివాళ్లూ వెదురుబద్దలతో పెద్ద నక్షత్రం కట్టి, లోపల దీపం పెట్టి, పాడుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతారని కూడా చెప్పాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుంది. "తెలుగులోనే చెప్పమనండి. మీరు నాకు ఇంగ్లీషులో చెప్పండి. ఒక్క మాట కలపొద్దు."

కలపకుండా మాట్లాడటం నేను పుట్టి ఎరగని పని. అయినా సరేనన్నాను.

"మా పాలెంలో పై వీధి, కింది వీధి. కింది వీధి కుర్రాడొకడు పై వీధి నక్షత్రాన్ని రాయిపెట్టి కొట్టాడు," అని హోప్ అందుకుంది. "సరాయెవోలో పిస్తోలు పేల్చిందీ ఒక్క సెర్బ్ కుర్రాడే. కాకపోతే అక్కడ పోయింది కాయితం నక్షత్రం కాదు, రెండు ప్రాణాలు. ఆస్ట్రియా యువరాజూ, ఆయన భార్యా. కోపం రావడం న్యాయమే. ఆస్ట్రియా పది షరతులు రాసి సెర్బియాకి నలభై ఎనిమిది గంటలు గడువిచ్చింది. సెర్బియా దాదాపు అన్నీ ఒప్పుకుంది. అయినా ఆస్ట్రియా ఊరుకోలేదు. మా పై వీధివాళ్లూ అంతే, కొత్త నక్షత్రం కొనిస్తామన్నా వద్దన్నారు. వాళ్లకి కావాల్సింది క్షమాపణ కాదు ఆంటీ, గొడవ."

నేను ఇంగ్లీషులో చెప్పాను. ప్రొఫెసర్ కాగితం మీద ఏదో రాసుకుంది.

"అక్కడితో పోతే బాగుండును. సెర్బియా వెనక రష్యా లేచింది, ఆస్ట్రియా వెనక జర్మనీ లేచింది, రష్యా వెనక ఫ్రాన్స్. కందకి లేని దురద కత్తిపీటకెందుకని నానమ్మ అంటది."

ఇక్కడ నాకు చెమట పట్టింది. కంద అంటే ఏంటో, కోస్తే చేతులెలా దురద పెడతాయో, కత్తిపీట ముందు ఎలా కూర్చుంటామో, కుర్చీలోంచి లేచి నేల మీద గొంతుక్కూర్చుని మరీ చూపించాను. మా అత్తగారి కంద బచ్చలి గురించి కూడా రెండు ముక్కలు పడ్డాయి. ప్రొఫెసర్ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆవిడ నవ్వితే బాగుంటుందని అప్పుడే తెలిసింది.

హోప్‌కి ఊపొచ్చింది. చేతులు ముందుకొచ్చాయి, కళ్లు తెరుచుకున్నాయి. "ఫ్రాన్స్ మీదికి పోవడానికి జర్మనీ ఏ పాపం ఎరగని బెల్జియంలో చొరబడింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు. బెల్జియంకి మాటిచ్చిన బ్రిటన్ దిగింది. బ్రిటన్ దిగితే ఇండియా దిగినట్టే, కెనడా దిగినట్టే. మా బాపట్లనీ ఎవరూ అడగలేదు, ఈ సస్కటూన్‌నీ ఎవరూ అడగలేదు. తర్వాత టర్కీ, ఇటలీ. నాలుగేళ్లు కుర్రాళ్లు బురదగుంటల్లో పడి చచ్చిపోయారు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నారు."

ఆ అధ్యాయం నేను నలభైసార్లు విన్నాను. యుద్ధంలో ఏం జరిగిందో ఆరోజే తెలిసింది.

"ఎలా ముగిసింది?" అని ప్రొఫెసర్ తనే అడిగింది.

"మా గొడవైతే పాస్టరు గారు వచ్చి, రెండు వీధులకీ కలిపి ఒక్కటే నక్షత్రమని తేల్చేస్తే ముగిసింది. వాళ్లకి పాస్టరు గారు లేరు. అలిసిపోయారు. రష్యాలో విప్లవమొచ్చి అది తప్పుకుంది. అమెరికా కొత్త బలంతో బ్రిటన్ వైపు దిగింది. జర్మనీ పక్షంవాళ్లు ఒక్కొక్కరే చేతులెత్తేశారు. జర్మనీ ఇంట్లో తిండి లేదు, నావికులు తిరగబడ్డారు, రాజు పారిపోయాడు. నవంబర్ పదకొండు, పదకొండు గంటలకి తుపాకులు ఆగాయి. ఆగాయి గానీ కోపం ఆగలేదు. ఓడినవాళ్ల చేత తప్పు మాదేనని సంతకం పెట్టించారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి మళ్లీ మొదలు."

అంతా అయిపోయిందనుకున్నాను. హోప్ మాత్రం ఇంకా నిలబడే ఉంది. "ఆంటీ, పుస్తకంలో లేనిదొకటి అడగొచ్చా? ఆస్ట్రియా రాజ్యం నుంచి అప్పటికే ఇక్కడికొచ్చి పొలాలు చేసుకుంటున్నవాళ్లు ఉండే ఉంటారు కదా? మా సాయిల్ క్లాసులో విన్నాను. యుద్ధం రాగానే వాళ్లేమయ్యారు? నాలాగా వేరే దేశం పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు?"

ఇది మాత్రం ఒక్క మాటా కలపకుండా చెప్పాను.

ప్రొఫెసర్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "వేలమందిని క్యాంపుల్లో పెట్టారు," అంది. "ఎక్కువమంది ఉక్రెయిన్ వాళ్లు. ఆస్ట్రియా పాలించిన నేల మీద పుట్టడమే వాళ్లు చేసిన నేరం. మా ముత్తాత అందులో ఒకడు. రెండేళ్లు ముళ్లకంచె వెనక ఉన్నాడు. ఇరవై ఆరేళ్లుగా ఈ కోర్సు చెబుతున్నాను. మొదటి ఏడాది చదివే పిల్లలెవరూ నన్ను ఈ మాట అడగలేదు."

హోప్ వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుంది. అలా పట్టుకోవచ్చో లేదో ఇక్కడి రూల్స్ నాకు తెలియవు. ఆవిడ మాత్రం విడిపించుకోలేదు.

ఆఖరికి కాగితం మీద అంకె వేసి మా వైపు తిప్పింది. ఇరవైకి పద్దెనిమిది. నేను ఊరుకుంటానా? "ఆ రెండు ఎందుకు తగ్గాయి?" అన్నాను.

"కత్తిపీట దగ్గర మీరు చాలా కలిపారు," అంది ఆవిడ. "ఆ అమ్మాయి చెప్పింది ఒక్క వాక్యమే."

కార్లో హోప్ ఒకటే నవ్వు, ఒకటే ఏడుపు. "ఆ రెండు మార్కులూ నీ ఖాతాలో వేస్తున్నా," అన్నారు మా ఆయన. ఆ సాయంత్రం కంద కోసం రెండు ఇండియన్ షాపులు తిరిగి, దొరికినదానికి బచ్చలి లేక పాలకూర వేసి వండి, ఒక డబ్బా ప్రొఫెసర్‌కి కూడా కట్టించాను.

ఆదివారం సండే స్కూల్లో ఏడేళ్ల అబిగేల్ లేచి నిలబడింది. ఇక్కడే పుట్టిన పిల్ల. "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు," అని తప్పు లేకుండా చెప్పి, స్టిక్కర్ కోసం చెయ్యి చాపింది. ఎప్పుడూ అయితే అక్కడితో అయిపోయేది. నేను స్టిక్కర్ పట్టుకుని ఆగాను. "అంటే ఏంటే, అబీ?"

అది నన్ను వింతగా చూసింది. "యూ నెవర్ ఆస్క్డ్ బిఫోర్, ఆంటీ," అంది. తర్వాత కాలి బొటనవేలు నేలకేసి రాస్తూ బాగా ఆలోచించింది. "బట్ హూ లుక్స్ ఆఫ్టర్ ద షెపర్డ్?"

వెనక కుర్చీలో కూర్చున్న హోప్ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. కాపరిని ఎవరు చూసుకుంటారట! స్టిక్కర్లు రెండు తీసి అబిగేల్ అరచేతిలో అతికించాను.

"నాకు తెలీదే తల్లీ," అన్నాను. క్లాసులో ఆ మాట అనడం నాకదే మొదటిసారి.