పావుగంట వెనక నీడ

పొద్దున ఏడున్నరకల్లా వదిన పంపుహౌసుకు వచ్చేస్తుంది. సంచి కొక్కేనికి తగిలించి మూడు ఇంజన్ల చుట్టూ ఒక్కో చుట్టు తిరుగుతుంది. ఆయిల్ పుల్ల తీసి తుడిచి, మళ్ళీ పెట్టి తీసి చూస్తుంది. కింద కొత్త మరకలేమైనా ఉన్నాయేమోనని వంగి వెతుకుతుంది. డీజిల్ ఎక్కడైనా కారుతోందని అనుమానం వస్తే చెయ్యి మాత్రం పెట్టదు. అట్టముక్క ఒకటి పట్టుకుని, దాని మీద తడి పడుతుందేమో చూస్తుంది. ఇంజన్ సన్నపైపుల్లో డీజిల్ చర్మంలోకి సూదిలా దిగిపోయేంత ఒత్తిడితో పరిగెడుతుంటుంది. పైకి చీమ కుట్టినంత చుక్కే కనిపిస్తుంది కానీ గంటల్లో చెయ్యి తీసేయాల్సి రావచ్చు. ఈ మాట ఆమె పంపుహౌసులో చెప్పని మనిషి లేడు. టీ తెచ్చే ముసలాయనకు కూడా చెప్పింది.

ఆమెను అక్కడ అందరూ వదిన అనే పిలుస్తారు. ఆమె మరిది కూడా అక్కడే పని. ఇంజన్ల కంట్రోలు బాక్సులు, సెన్సర్లు చూసేది అతనే. అతను రోజుకు వందసార్లు "వదినా" అనడం విని విని మిగతావాళ్ళకూ అదే అలవాటైంది. ఆమెకంటే పదేళ్ళు పెద్దయిన ఇన్‌చార్జి కూడా ఫోన్ చేసి, "వదిన ఉందా అక్కడ?" అంటాడు.

ఏడూముప్పావుకు వదిన నీడ వస్తుంది.

గేటు దాటి, వరండా మెట్లెక్కి, లేని సంచి నీడను కొక్కేనికి తగిలించి, మూడు ఇంజన్ల చుట్టూ తిరుగుతుంది. పావుగంట కింద వదిన ఎక్కడ ఏం చేసిందో, నీడ ఇప్పుడు అక్కడ అదే చేస్తుంది. పుట్టినప్పటి నుంచీ అంతే. పెళ్ళి ఫొటోల్లో వదిన నిలబడి నవ్వుతుంటే ఆమె నీడ ఇంకా కూర్చుని జడ వేయించుకుంటూ ఉంటుంది. ఇంట్లో అందరూ తిని లేచాక కూడా ఆమె కుర్చీ ఖాళీగా ఉంచుతారు, నీడ తినడం అవ్వాలి కదా. పిల్లలు చిన్నప్పుడు వాళ్ళను జోకొట్టి ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయినా, గోడ మీద చెయ్యి మరో పావుగంట జోకొడుతూనే ఉండేది. అందుకే ఇద్దరూ హాయిగా నిద్రపోయేవాళ్ళు.

ఇప్పుడు ఇద్దరూ ఒక పగలంతా రైలెక్కితే గానీ చేరలేని ఊళ్ళో హాస్టల్లో ఉన్నారు. పంపుహౌసు దగ్గర చిన్న బడి తప్ప లేదు. వదిన పెంపకమంతా ఫోన్లోనే. తిన్నారా, తల తుడుచుకున్నారా, కిటికీ రెక్క గడియ పెట్టారా, పెట్టామని చెప్పడం కాదు, వెళ్ళి చూసి చెప్పండి. పిల్లల ఫోన్ వస్తే చేతిలో ఏమున్నా పక్కన పెట్టి ఎత్తుతుంది.

పంపుహౌసులో నీడకు ఒక పని కూడా ఉంది. ఇంజన్ ఆపిన వెంటనే లోపల చెయ్యి పెట్టకూడదు. పైపుల్లో ఒత్తిడి దిగాలి, ఇనుము చల్లారాలి. దానికి పావుగంట పడుతుంది. గడియారం చూసుకునే పని ఎవరూ పెట్టుకోరు. వదిన ప్యానెల్ దగ్గర బ్యాటరీ స్విచ్ కిందికి దించి, దానికి తన తాళం వేసి, స్టార్ట్ బటన్ ఒకసారి నొక్కి ఇంజన్ కదలదని చూసుకుని, ప్యానెల్ తలుపు మూసి ఇంజన్ దగ్గరికి వచ్చి నిలబడుతుంది. ఆమె నీడ కూడా ఇవన్నీ చేసి ఇంజన్ దగ్గరికి వచ్చాకే లోపల చెయ్యి పెట్టాలి. అదీ అక్కడి కట్టుబాటు.

ఇంకో నియమం కూడా ఉంది. ఇంజన్లో చెయ్యి పెట్టే ప్రతి మనిషీ ఆ స్విచ్‌కు తన సొంత తాళం వేసుకోవాలి. తన తాళంచెవి తన జేబులో ఉన్నంతసేపూ ఇంజన్ను ఎవరూ స్టార్ట్ చేయలేరు. మరిదికీ ఒక తాళం ఇచ్చారు. అది అతని డ్రాయర్లో కవరు విప్పకుండానే ఉంది.

"వేసుకోవయ్యా, నీ చెయ్యి కదా," అని వదిన మొదట్లో అనేది.

"నీ తాళం మీద నా తాళమా వదినా? నువ్వు వేసిన గడియ నేను మళ్ళీ లాగి చూసినట్టు ఉంటుంది. అన్నయ్యకు తెలిస్తే నాకు అన్నం పెట్టడు."

"అన్నం పెట్టేది నేను."

"మరి ఇంకా భయం."

కొన్నాళ్ళకు ఆమె అనడం మానేసింది. నిజానికి ఆ మాట ఆమెకు బాగానే ఉండేది.

రెండో ఇంజన్ నెల రోజులుగా తిప్పలు పెడుతోంది. నలభై నిమిషాలు చక్కగా తిరిగి, వేడెక్కాక ఉన్నట్టుండి ఆగిపోతుంది. మరిది లాప్‌టాప్ తగిలించినప్పుడల్లా ఒకటే కోడ్ వస్తుంది, వేగం తెలియడం లేదని. ఇంజన్ వెనక మనిషంత ఎత్తున్న పళ్ళచక్రం, ఫ్లైవీల్, తిరుగుతుంటుంది. పక్కనున్న సెన్సర్ ఆ పళ్ళు లెక్కపెట్టి వేగం ఎంతో కంట్రోలు బాక్సుకు చెబుతుంది. ఆ లెక్క అందకపోతే బాక్సు ఇంజన్ను ఆపేస్తుంది. బయటి నుంచి వచ్చిన కంపెనీవాళ్ళు సెన్సర్ రెండుసార్లు మార్చారు. మార్చిన మర్నాడే మళ్ళీ ఆగింది.

"మూడోది తెప్పించనా?" అన్నాడు మరిది.

"మూడోదీ అంతే చేస్తుంది. కోడ్ నొప్పి ఎక్కడుందో చెబుతోంది. రోగమేమిటో మనం చూడాలి. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి వేడెక్కితే పోతోందంటే, వైరు ఎక్కడో ఒరుసుకుంటోంది. సెన్సర్ నుంచి మొదలుపెట్టి వైరు పొడుగునా చేత్తో తడుముకుంటూ వెళ్ళాలి."

"ఆ సందులో చెయ్యి పట్టేది నాకొక్కడికే."

"తిండి సరిగ్గా తింటే నీకూ పట్టదు."

ఆ రోజు పదకొండున్నరకు ఇంజన్ మళ్ళీ ఆగింది. మొదటిది ముందురోజే మరమ్మతుకు విప్పేశారు. మూడోది ఒక్కటే పేట మొత్తానికీ నీళ్ళు ఎక్కించలేదు. ఇన్‌చార్జి అప్పుడే ఫోన్ చేశాడు. "పైన ట్యాంకు సగానికి దిగిపోయింది వదినా. ఆస్పత్రి కూడా ఆ లైను మీదే ఉంది. ఎంతసేపు?"

"చూడనివ్వండి," అని వదిన ఫోన్ జేబులో పెట్టుకుని ప్యానెల్ వైపు నడిచింది.

మరిది లాప్‌టాప్ మూసి, ఫ్లైవీల్ పక్కనున్న చిన్న మూత బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. వదిన వరండాలో కూతురితో ఫోన్లో మాట్లాడటం అతనికి వినిపించింది.

"కుడి చెప్పా? చివరిసారి ఎక్కడ విప్పావు... కాదు, ఎక్కడ విప్పి ఉంటావని కాదు, ఎక్కడ విప్పావు? మంచం కింద చూశావా? వంగి చూశావా, నిలబడి చూశావా?"

మూడు నిమిషాల తర్వాత చెప్పు దొరికింది. వదిన లోపలికి వచ్చింది. ప్యానెల్ తలుపు మూసి ఉంది. తాళం వేయకుండా ఆ తలుపు ఆమె ఎన్నడూ మూయదు. మూసి ఉందంటే వేసినట్టే. ఇంజన్ దగ్గరికి వచ్చి చేతులు తుడుచుకుంది.

మూత ఊడింది. ఇంజన్ ఆగి పన్నెండు నిమిషాలైంది. ఇన్‌చార్జి మళ్ళీ ఫోన్ చేశాడు.

"వదినా, మొదలుపెట్టేయనా?" అన్నాడు మరిది. "మనం డీజిల్ పైపు విప్పడం లేదుగా. వైరేగా చూసేది. ఒత్తిడితో మనకేం పని?"

వదిన గోడ వైపు చూసింది. నీడ ఇంకా రాలేదు. అతను చెప్పినదాంట్లో తప్పేమీ కనిపించలేదు. "వేడిగా ఉంటుంది, తొడుగు వేసుకో," అని మాత్రం అంది.

మరిది ఎడమ పక్కకు తిరిగి పడుకుని, చిన్న టార్చి లోపల పెట్టి, కుడి చెయ్యి భుజం దాకా సందులోకి దూర్చాడు. ఫ్లైవీల్ పళ్ళు మోచేతికి తగులుతున్నాయి. మొహం ప్యానెల్ ఉన్న గోడ వైపు ఉంది. వేళ్ళతో వైరు పట్టుకుని మెల్లగా వెనక్కి తడుముకుంటూ పోతున్నాడు.

అప్పుడు వదిన నీడ గోడ మీదికి వచ్చింది. ప్యానెల్ తలుపు తీసింది. ఒక చెయ్యి స్విచ్ వైపు వెళ్ళింది, రెండో చెయ్యి జేబులోంచి తాళం తీసింది. అంతలో ఉలిక్కిపడ్డట్టు ఆగింది. స్విచ్ వైపు వెళ్ళిన చెయ్యి వెనక్కి వచ్చి ఫోన్ అందుకుంది. తాళం మళ్ళీ జేబులోకి పోయింది. నీడ మోచేత్తో తలుపు మూసి, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయింది.

"వదినా," అన్నాడు మరిది. "తాళం ఎక్కడ పెట్టావు?"

"స్విచ్‌కు."

"నీ నీడ జేబులో పెట్టుకుంది."

అంటూనే చెయ్యి లాగాడు. చొక్కా మడత ఏదో అంచుకు పట్టుకుంది. ఇంకోసారి లాగితే చిరిగి చెయ్యి బయటికొచ్చింది. వదిన జేబులో చెయ్యి పెట్టింది. తాళం చల్లగా తగిలింది.

పైన ట్యాంకులో నీళ్ళు గీత కిందికి దిగితే ఇంజన్ను తనంతట తానే స్టార్ట్ చేయమని ప్యానెల్‌కు ఎప్పుడో చెప్పి పెట్టారు. సరిగ్గా అప్పుడే నీళ్ళు ఆ గీత దాటాయి. టక్‌మని స్టార్టర్ మోటార్ పట్టుకుంది. వేగం లెక్క అందక ఇంజన్ అందుకోలేదు కానీ, ఫ్లైవీల్ ఆరేడు చుట్లు గిర్రున తిరిగింది. లోపల మర్చిపోయిన టార్చి రెండు ముక్కలై మూత సందులోంచి బయటికి ఎగిరి పడింది.

ఆ తర్వాత వదిన ఇంజన్ను ఆపే ఎర్ర బటన్ నొక్కింది. స్విచ్ దించి తాళం వేసింది. స్టార్ట్ బటన్ నొక్కి చూసింది, ఇంజన్ కదల్లేదు. మరిది లేచి తన డ్రాయర్ దగ్గరికి వెళ్ళాడు. కవరు చింపి, కొత్త తాళం తెచ్చి ఆమె తాళం పక్కనే వేశాడు. చెవి జేబులో వేసుకున్నాడు. ఆమె మొహంలోకి చూడలేదు. ఆమె కూడా అతన్ని చూడలేదు.

"ఇన్‌చార్జికి ఏం చెబుదాం?" అన్నాడు.

"ఇంకో పావుగంట పడుతుందని చెప్పు." వదిన లాగ్‌బుక్ తీసి స్టూలు మీద కూర్చుంది. పెన్ను మూత తీసింది.

"రాయకు వదినా. ఎవరికీ ఏం కాలేదుగా."

"ఏం కాలేదని కూడా రాస్తాను."

"ఫోన్ సంగతి రాస్తావా?"

"ఫోన్ వచ్చిందని రాస్తాను. ఎవరు చేశారో రాయను. దాని చెప్పు దానికి దొరికింది, అంతే. నువ్వు కూడా ఈ మాట ఎప్పుడూ దానితో అనకు. నవ్వులాటకైనా."

"అనను."

రాసింది. రెండో ఇంజన్ స్విచ్‌కు తాళం వేయలేదు, వేశాననుకున్నాను. నీడ రాకుండానే పని మొదలుపెట్టనిచ్చాను. స్టార్టర్ తిరిగింది. వెంటనే వెళ్ళి ఎర్ర బటన్ నొక్కాను. కింద సంతకం పెట్టింది. మరిది తన తాళం సంగతి కూడా రాయించి, తనూ సంతకం పెట్టాడు.

తర్వాత ఇద్దరూ కూర్చున్నారు. ఇన్‌చార్జి మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడుసార్లూ మరిదే ఎత్తి, "నీడ రావాలి సార్," అన్నాడు. మూడోసారి ఆయన "సరే, రానివ్వండి," అని పెట్టేశాడు.

నీడ ఇంజన్ పక్కన గోడ మీదికి వచ్చింది. జేబులో చెయ్యి పెట్టింది. గట్టిగా అదిరిపడింది. వదిన తను ప్యానెల్ వైపు పరిగెత్తడం చూద్దామని అటు చూసింది. నీడ అటు పోలేదు. నేల మీదికి వంగింది. రెండు చేతులూ చాచి, అక్కడ లేని చేతినొకదాన్ని అందుకుంది. దాని వేళ్ళు ఒక్కొక్కటే విప్పి పట్టుకుని చూడటం మొదలుపెట్టింది.

"నేను ఇలా చేశానా?" అంది వదిన.

"చేశావు."

"నాకు గుర్తు లేదే."

మరిది లేచాడు. ఇంజన్ పక్కన ఇందాకటి చోటే కూర్చుని, కుడి చెయ్యి పైకెత్తి, వెలుతురుకు అడ్డంగా పట్టాడు. గోడ మీద అతని చేతి నీడ వెళ్ళి సరిగ్గా ఆ రెండు చేతుల మధ్య పడింది. వదిన నీడ బొటనవేలు పట్టుకుంది, తర్వాత చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు. అయిదూ అయ్యాక మళ్ళీ బొటనవేలు నుంచి మొదలుపెట్టింది. చెయ్యి నొప్పి పుడుతున్నా అతను దించలేదు. మూడుసార్లు లెక్కపెట్టాక గానీ నీడ వదల్లేదు. అప్పుడు లేచి పరుగున వెళ్ళి ఎర్ర బటన్ నొక్కింది. స్విచ్ దించింది, తాళం వేసింది, స్టార్ట్ బటన్ నొక్కి చూసింది.

వదిన లాగ్‌బుక్ మళ్ళీ తెరిచింది. "వెంటనే వెళ్ళి ఎర్ర బటన్ నొక్కాను" అన్న వాక్యాన్ని ఒకే గీతతో, కింది అక్షరాలు కనిపించేలా కొట్టేసింది. దాని పైన రాసింది: ముందు వేళ్ళు లెక్కపెట్టాను, తర్వాత బటన్ నొక్కాను. మళ్ళీ సంతకం పెట్టి టైము వేసింది.

నీడ వచ్చి ఇంజన్ దగ్గర నిలబడింది.

"ఇప్పుడు పెట్టు," అంది వదిన.

మరిది ఎడమ పక్కకు తిరిగి పడుకుని చెయ్యి లోపలికి దూర్చాడు. జానెడు దూరంలో, వైరును పట్టి ఉంచే క్లాంపు కింద, వైరు తొడుగు ఒరుసుకుపోయి రాగి బయటపడి ఉంది. వేలికి గరుగ్గా తగిలింది.

"దొరికింది వదినా," అన్నాడు.