తలుపు వెనక స్టిక్కర్లు

అక్కకి క్రీముల ఫ్యాక్టరీలో పదకొండేళ్ల సర్వీసు. చెల్లెలికి పెద్ద షాపులో అవే క్రీములు అమ్మే అద్దాల కౌంటరు ఉద్యోగం. ఒకామె నింపేది, రెండో ఆమె అమ్మేది. ఇక ఆ ఇంట్లో పోట్లాటకి వేరే కారణం కావాలా!

"ఒకే డ్రమ్మే తల్లీ! పొద్దున ట్యూబుల్లో నింపుతాం. మధ్యాహ్నం అదే క్రీములో మూతెడు సెంటు పోసి గాజుసీసాల్లో నింపుతాం. పైన పటారం, లోన లొటారం" అనేది అక్క.

"ఆ మూతెడులోనే ఉందేమో మహత్యమంతా. మూతలు బిగించేదానివి, నీకేం తెలుసే!" అనేది చెల్లెలు. ఆ మాట అక్కకి చురుక్కుమనేది.

చెల్లెలి ఎడమ చెంప మీద మిరియపు గింజంత నల్లమచ్చ ఉండేది. ఈ మధ్య కాస్త పెద్దదైంది. "మచ్చలు పోగొట్టే క్రీము ముందు మచ్చున్న మనిషిని ఎలా నిలబెట్టమంటావు? అది పోకపోతే గోడౌన్లోకి మారుస్తా" అన్నాడు మేనేజరు. చెల్లెలు ఇంటికొచ్చి ఏడ్చింది.

"ఏడవకు. తేల్చేద్దాం. నాలుగు వారాలు నీ సీసా, నాలుగు వారాలు నా ట్యూబు" అంది అక్క.

తేదీ లేనిది లెక్కలోకి రాదని ఫ్యాక్టరీలో నేర్చుకున్న మనిషాయె. మూతలకు సీలు వేసే పారదర్శకపు స్టిక్కరు తెచ్చి, ప్రతి ఆదివారం మచ్చ మీద ఆనించి, పెన్నుతో చుట్టూ గీత గీసేది. తేదీ వేసి బీరువా తలుపు వెనక అంటించేది.

సీసా వంతు అయ్యేసరికి గీత వెడల్పయింది. "చూశావా నీ మహత్యం!" అని అక్క ఎగిరి గంతేసినంత పని చేసింది. ట్యూబు వంతులో ఇంకా వెడల్పయి, ఒక పక్క వంకర తిరిగింది. "చూశావా నీ డ్రమ్ము!" అంది చెల్లెలు.

ఒప్పుకుంటే అక్క ఎలా అవుతుంది? పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. "గీసేటప్పుడు నువ్వు కదిలావు. ఇంకో విడత చూద్దాం" అంది. చెల్లెలు కూడా సరేనంది, ఓడిపోవడం ఇష్టం లేక.

పదహారో వారం దిండు గలీబు మీద నెత్తురు మరక కనిపించింది. అప్పుడైనా గుండె గుభేలుమనాలి కదా! "మొన్నటి నీ సీసాలోని సెంటే కోసేసుంటుంది" అంది అక్క. ఛీ, ఏం పంతమో ఏమో!

దవడ కింద గడ్డ చేతికి తగిలాక గానీ ఆసుపత్రికి వెళ్లలేదు. చెంప మీద చిన్న ముక్క కోసి పరీక్షకు పంపారు. అది క్యాన్సరని, మెడలోకి దిగిందని తేలింది.

"మచ్చ పెరుగుతోందని ఎప్పుడు గమనించారు?" అని అడిగింది డాక్టరమ్మ.

అక్క ఇంటికి పరిగెత్తి, స్టిక్కర్లు గోటితో ఒక్కొక్కటే ఒలిచి, తెల్లకాగితం మీద అంటించి తెచ్చింది. పదహారు. డాక్టరమ్మ వాటిని మొదటి నుంచి చివరిదాకా చూసి, మళ్లీ వెనక్కి వచ్చి, మూడోదాని మీద వేలు పెట్టింది.

"ఇంత శ్రద్ధగా రాసుకున్నవాళ్లని నేను చూడలేదమ్మా. ఇక్కడే తెలిసిపోతోంది. ఈ వారమే వచ్చుంటే చిన్న కోతతో పోయేదేమో. ఎందుకు రాలేదు?"

ఏ క్రీము గెలుస్తుందా అని చూస్తున్నామని అక్క ఎలా చెబుతుంది?

బయట వరండాలో బెంచీ మీద చెల్లెలు చెంపకి కట్టుతో కూర్చుని ఉంది. అక్క మొహం చూడగానే ఆమెకి అంతా అర్థమైంది.

"పోనీలే అక్కా, నువ్వే గెలిచావు. రెండూ ఒకటే" అంది.

చెల్లెలి నోట ఈ మాట వినాలని అక్క ఎన్నేళ్లుగానో కాచుకుని ఉంది. విన్నాక అక్కడే నేల మీద కూలబడి, రెండు చేతులతో నోరు నొక్కుకుని ఏడ్చింది.