జీడి చేతులు

ముందు పొగ వస్తుంది.

వెలుగు కంటే ముందు, పాలమనిషి కంటే ముందు, జీడిబట్టీ పొగ పలాసలో ప్రతి తలుపూ తోసుకుని వస్తుంది. గొంతులో గరగరలాడుతుంది. చీరల మడతల్లోకి చేరి కూర్చుంటుంది.

ఆ వెనక చప్పుడు.

టక్... టక్... టక్.

పక్క పాకలో ఆడవాళ్ళు కాల్చిన జీడిపిక్కల్ని కర్రసుత్తితో కొడుతుంటారు. భర్త రైల్వే స్టేషన్‌కి డ్యూటీకి వెళ్ళాక వేదవతి ఆ చప్పుడు మీదే మాటలు పేరుస్తుంది. ఒక దెబ్బకి ఒక మాట. మాట పగలకపోతే — మళ్ళీ దెబ్బ.

కాలేజీ రోజుల్లో వెన్నెల మీద రాసింది. గోదావరి మీద రాసింది, ఒక్కసారి కూడా చూడకుండానే.

ఈసారి కిటికీ అవతల ఉన్నదాని మీద రాసింది. ఆ చేతుల మీద. పిక్క పెంకులోని జీడి రసం తాగి తాగి నల్లబడి, చర్మం లేచిపోయిన వేళ్ళ మీద.

మామగారు కూర్మనాథం టెక్కలి హైస్కూల్లో తెలుగు పండితులు. ఉగాదికి అక్కడ జరిగే కవిసభకి ఆయనే అధ్యక్షులు. కోడలు చదవాలని పట్టుబట్టి పేరు వేసిందీ ఆయనే. ఆదివారం బస్సు దిగి వచ్చి, కాగితం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీశారు.

"బాగుందమ్మాయ్. కానీ పండగపూట ఈ నల్లచేతులేమిటి? తామరల్లాంటి చేతులు అను. అంతే. మిగతాదంతా నిలుస్తుంది."

"తామరలు పిక్కలు కొట్టవు కదండీ, మావయ్యగారూ."

"కవిత్వంలో కొడతాయి," అని నవ్వారు. నవ్వు ఆగాక నెమ్మదిగా అన్నారు, "మార్చకపోతే నీ పేరు నేనే కొట్టెయ్యాల్సొస్తుంది."

మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. కాగితం మీద ఎర్రసిరా గీత మిగిలింది.

మర్నాడు మధ్యాహ్నం ఆ కాగితం పట్టుకుని వేదవతి పాకలోకి వెళ్ళింది. ఇరవై ఏళ్ళుగా పిక్కలు కొడుతున్న దేముడమ్మ పక్కన కూర్చుని చదవడం మొదలుపెట్టింది. దేముడమ్మ సుత్తి ఆగలేదు. అరచేత్తో నుదుటి చెమట తుడుచుకునే పద్యపాదం దగ్గర — ఆగింది.

పాకంతా నవ్వు.

"ఏటమ్మా, జీడి సేత్తో మొకం తుడుసుకుంటామేటి? తోలు ఊడొచ్చెయ్యదేటి?"

"కాలేజీలో ఇది సెప్పలేదు కావాల!" అంది ఎదుటి వరసలోంచి సన్యాసమ్మ.

దేముడమ్మ చెయ్యి ఎత్తి, జబ్బకి నుదురు రాసి చూపించింది. "ఇదిగో, ఇలాగ. సంటిదాన్ని ఎత్తుకున్నా అంతే. సేతులు తగలకుండా, మోసేతుల మజ్జిన ఎత్తుకుంటాం."

వేదవతి చెవులు వేడెక్కాయి.

ఆరు నెలలుగా ఆ చేతుల్ని చూస్తోంది. ఆ చేతులు దేన్ని తాకవో... చూడలేదు.

"ఆ సుత్తి ఇలా ఇయ్యి, దేముడమ్మా."

"ఒద్దమ్మా. సేతులు పాడైపోతాయి. మీ మావగారు మమ్మల్ని తిడతారు."

"పాడవనీ."

దేముడమ్మ సుత్తి పక్కన పెట్టింది. రసం అంటకుండా పిడికెడు బూడిద తీసి ఆమె వేళ్ళకి పూసింది.

ఉగాదికి తొమ్మిది రోజులు. తొమ్మిది మధ్యాహ్నాలు.

మొదటి రోజు పప్పంతా ముక్కలైంది. మూడో రోజు బొటనవేలు కాలింది. అయిదో రోజు నుంచి అన్నం చెంచాతో. ఏడో రోజు — టక్ — పప్పు చెక్కు చెదరకుండా బయటికి వచ్చింది.

"వచ్చింది, దేముడమ్మా!"

"ఒచ్చింది. ఇప్పుడు రాసుకో. పూలెట్టకు."

ఆ సాయంత్రం అరచేతి పాదం కొట్టేసింది. జబ్బ రాసింది. ఎర్రసిరా గీత కింద నల్లచేతుల్ని అలాగే ఉంచింది.

ఉగాది. టెక్కలి. హాలు నిండా మామిడాకుల వాసన, కొత్తబట్టల గరగర.

మామగారు ఒక కాగితం అందించారు. ఆమె పద్యమే — ఆయన గుండ్రని చేతిరాతలో, తామరలతో. అందుకోబోయిన వేళ్ళని చూసి ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఇదేమిటమ్మాయ్?"

"పద్యం, మావయ్యగారూ."

కాగితం ఆమె చేతిలో వదిలేశారు. వెళ్ళి అధ్యక్షుల కుర్చీలో కూర్చున్నారు. పేర్ల జాబితా ముందు పెట్టుకున్నారు. పెన్ను మూత తీశారు.

మొదటి పేరు పిలిచారు. రెండో పేరు పిలిచారు. మూడోది ఆమెది.

పెన్ను కాగితం మీద ఆగి ఉంది. పిలుపు రాలేదు.

వేదవతి లేచింది.

మెట్లు ఎక్కింది. మైకు ముందు నిలబడింది. తామరల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బల్ల మీద, మామగారి పెన్ను పక్కన ఉంచింది. ముందు వరసలో ఎవరో దగ్గారు. ఎవరో లేచి నిలబడ్డారు... వెళ్ళడానికో, వినడానికో.

చెమట నుదుటి మీంచి కనుబొమ్మల మీదికి జారింది.

జబ్బ ఎత్తి తుడుచుకుంది.

కొత్తచీర మడతల్లోంచి — ముందు పొగ వచ్చింది.

ఆ వెనక, టక్ మని, మొదటి మాట.