టిల్లీ బరువు

రేడియోలో మొగుడు ఫింటన్ మాట్లాడుతుంటే బ్రీడా కుక్కల కూడు కలుపుతోంది. పెద్ద గిన్నెలో ఎద్దు తలమాంసం ఉడికి ఎముక నుంచి విడిపోయింది. అందులో ముందురోజు రొట్టె తుంచి వేసి, కర్రతో అడుగు దాకా తిప్పుతూ ఉండాలి. చెయ్యి ఆపితే అడుగంటుతుంది, అడుగంటిన కూడు కుక్కలు ముట్టవు. "ట్రైనర్‌కి సుఖం ఎక్కడిదండీ," అంటున్నాడు రేడియోలో ఫింటన్. "నా కుక్కలకి ప్రతి ముద్దా నా చేత్తోనే పెడతాను. ఇంకొకళ్ళు పెడితే ముట్టవు." అడిగేవాడు ఓహో అన్నాడు. ఆ మాటలు మొన్ననే రికార్డు చేసుకుని వెళ్ళారు. అసలు ఫింటన్ మేడమీద గదిలో ముసుగుతన్ని పడుకుని ఉన్నాడు. అతని గురక మెట్ల కింద దాకా వినిపిస్తోంది.

పొయ్యి పక్క కుర్చీలో జపమాల పట్టుకుని కూర్చున్న అత్త హ్యానీ, కొడుకు గొంతు విని మురిసిపోయింది.

"విన్నావా పిల్లా? కుక్కల భాష మావాడికి పుట్టుకతోనే వచ్చింది. వాళ్ళ నాన్నకి కూడా రాలేదు."

"విన్నానత్తయ్యా," అంది బ్రీడా, కర్ర తిప్పుతూనే.

తిప్పరేరి జిల్లాలో పరుగుపందెం కుక్కల ట్రైనర్ ఫింటన్ క్వర్క్ పేరు తెలియనివాడు లేడు. అతని ఇంటి ముందుగదిలో గోడ కనిపించదు, అన్నీ కప్పులూ ఫొటోలే. ప్రతి ఫొటోలోనూ గెలిచిన గ్రేహౌండు కుక్క, దాని గొలుసు పట్టుకుని ఫింటన్, పక్కన కుక్క యజమాని, ఆ యజమాని భార్య, ఆవిడ టోపీ. బ్రీడా కూడా ఒక ఫొటోలో ఉంది, మోచేతి దాకా. కుక్క కదలకుండా వెనకనుంచి పట్టుకున్న చెయ్యి అది. శనివారం వస్తే ఆ కప్పులన్నీ దించి తోమేది కూడా ఆ చెయ్యే. చూడవచ్చిన వాళ్ళు "ఎంత మెరుస్తున్నాయో" అంటే, "మరేమనుకున్నారు, కష్టపడి సంపాదించినవి" అంటాడు ఫింటన్. నిజమే, కష్టపడి సంపాదించినవే. ఎవరి కష్టం అని అడిగిన మానవుడు ఈ చుట్టుపక్కల పుట్టలేదు.

బ్రీడా తండ్రి జెర్ హ్యాకెట్ పొయ్యిలో కాల్చే పీట్ మట్టి తవ్వుకుని బతికినవాడు. సాయంత్రం పూట కూలికి పందెం కుక్కల కాళ్ళు పట్టేవాడు. పరుగు కుక్క కండరాన్ని బొటనవేలితో ఎలా వెతకాలో, నొప్పి ఉన్నచోట చర్మం కింద వేడి ఎలా తగులుతుందో బ్రీడా ఆయన దగ్గరే నేర్చుకుంది. "నీ బొటనవేలికి కళ్ళున్నాయే" అనేవాడాయన. ఆ కళ్ళున్న వేలితోటే క్వర్క్‌ల ఇంటికి కోడలిగా వచ్చింది. వెంట తండ్రి ఇచ్చిన ఆడకుక్కపిల్ల ఒకటి వచ్చింది. ఈ ఇంటికి పేరు తెచ్చిన కుక్కలన్నీ దాని సంతానమే. ట్రైనర్ లైసెన్సు మాట వచ్చినప్పుడు, నా పేరున కూడా ఒకటి తీసుకుందామా అని ఒక్కసారి అడిగింది. "ఎవరి పేరైతే ఏముందే, ఇల్లు ఒకటే కదా," అన్నాడు ఫింటన్, నవ్వుతూనే. ఇల్లు ఒకటే. కాకపోతే పేరు కూడా ఒకటే అయింది, అది అతనిది.

పొద్దు పొడవకముందే లేచి వానలో, మంచులో కుక్కల్ని రోడ్డు మీద నడిపించడం, పడుకున్న గడ్డి ఎత్తిపోసి కొత్తది పరవడం, ఈనే కుక్క పక్కన పడుకోవడం, పాలు అందని పిల్లలకి చుక్కచుక్క పట్టడం, మధ్యలో అత్తకి మందులు, మొగుడికి వేపుడు, ఆదివారం చర్చికి ఇస్త్రీ చొక్కా. ఇదంతా పని అని ఆ ఇంట్లో ఎవరూ అనరు. ఫింటన్ స్టాప్‌వాచీ పట్టుకుని గేటు దగ్గర నిలబడతాడే, దాన్ని పని అంటారు. ఒకసారి బ్రీడా ఒళ్ళునొప్పులతో జ్వరంతో పడుకుంటే, "అలా పడుకుంటే ఎలాగే, కుక్కలు ఆకలితో ఉన్నాయి" అన్నాడు. పోనీ నువ్వు పెట్టు అంటే, గిన్నెలో ఏది ఎంత వెయ్యాలో తెలియక మళ్ళీ ఆమెనే లేపాడు. అది గుర్తొచ్చి ఇప్పుడు రేడియో వైపు చూసి నవ్వబోయింది. నవ్వు రాలేదు.

నవ్వు రాకపోవడానికి కారణం టిల్లీ.

ఈరోజు సాయంత్రం నగరంలో పెద్ద పందెం ఫైనలు. ఫింటన్ ఇంతవరకూ గెలవని కప్పు అదొక్కటే. ఈసారి దానికోసం పరుగెత్తబోయే కుక్కని పందెంలో నాక్‌బాన్ క్వీన్ అంటారు. ఇంట్లో బ్రీడాకి అది టిల్లీ. తల్లి పాలు లేక చస్తుందనుకున్న పిల్లని చొక్కాలో పెట్టుకుని పెంచింది. నిన్న సాయంత్రం కాళ్ళు పడుతుంటే కుడి వెనక్కాలి కీలు దగ్గర ఆమె బొటనవేలు ఆగిపోయింది. వేడి. కొంచెమే. నొక్కితే టిల్లీ అరవలేదు, తల తిప్పి ఆమె చేతిని నాకింది, అంతే. ఎడమవైపుకే తిరిగే ట్రాకులో మలుపు దగ్గర ఒంటి బరువంతా పడేది ఆ కాలి మీదే. ఆ వేడి ఏమిటో బ్రీడాకి తెలుసు. నాలుగేళ్ళ కిందట జూడీ అనే కుక్క కాలిలో ఇదే చోట ఇదే వేడి తగిలింది.

అప్పుడు ఫింటన్‌కి చెప్పింది. అతను వినకపోతే, ధైర్యం చేసి ట్రాకు దగ్గర కుక్కల్ని చూసే డాక్టరుకే చెప్పింది. ఆ డాక్టరు ఆమె చెప్పింది సాంతం విని, తల తిప్పి ఫింటన్‌ని అడిగాడు. "మా ఆవిడకి కుక్కలంటే కన్నబిడ్డలండీ, ఊరికే బెంగ," అన్నాడు ఫింటన్. ఇద్దరూ నవ్వుకున్నారు. డాక్టరు కాలు రెండుసార్లు వంచి చూసి సరే అన్నాడు. మొదటి మలుపులో ఎముక విరిగిన చప్పుడు కంచె అవతల ఉన్న బ్రీడాకి వినిపించింది. జూడీ మూడు కాళ్ళతో కూడా ట్రాకు మీద ముందు లాగే బొమ్మ కుందేలు వెంట పరిగెత్తింది. ఇసకలో కూర్చుని దాని తల ఒళ్ళో పెట్టుకుని, డాక్టరు ప్రాణం తీసే సూది వేసేదాకా చెవులు నిమురుతూనే ఉంది బ్రీడా. జనం వరసగా వచ్చి ఫింటన్ చెయ్యి పట్టుకుని పరామర్శించారు, ఎంత నష్టం, ఎంత కష్టపడి పెంచావో అని. ఎవరో ఆమె వైపు వంగి, ఆయనకి కాస్త టీ తెచ్చిపెట్టమ్మా అన్నారు. ఆమె లేచి వెళ్ళి తెచ్చింది కూడా. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, ముందు తన మీద తనకే.

నిన్న రాత్రి భోజనాల దగ్గర మళ్ళీ చెప్పింది.

"ఫింటన్, టిల్లీ కాలు బాగాలేదు. కీలు దగ్గర వేడిగా ఉంది. పరుగెత్తితే విరుగుతుంది."

"మొదలెట్టావా?" ఫింటన్ ఆలుగడ్డ మీద వెన్న రాసుకుంటున్నాడు. "పాతికేళ్ళుగా ఈ కప్పు కోసం చూస్తున్నాను. నీ బొటనవేలు చెప్పిందని మానుకోమంటావా?"

"జూడీకి కూడా చెప్పాను."

"జూడీది దాని రాత. ఆ మాట మళ్ళీ ఎత్తకు. నువ్వు వండు, నేను గెలుస్తాను. సరేనా?"

అత్త కూడా అందుకుంది. మగాడు పందేనికి వెళ్ళేముందు అపశకునం పలకడం హ్యాకెట్‌ల బుద్ధి అంది. బ్రీడా పళ్ళేలు తీసి కడిగింది.

ఇప్పుడు గిన్నెలో కర్ర తిప్పుతుంటే ఆ మాటే చెవుల్లో తిరుగుతోంది. నువ్వు వండు. పందెం రోజు పరుగు కుక్కకి పొద్దున పెట్టేది గుప్పెడంత, పాలలో నానిన రొట్టె ముక్క. ట్రాకు దగ్గర ముందు తూకం వేస్తారు. కిందటి పరుగునాటి బరువుకీ ఈనాటి బరువుకీ నియమం ఒప్పుకునే దానికన్నా తేడా వస్తే ఆ కుక్కకి ఆరోజు పరుగు లేదు. ఎవరు బతిమాలినా లేదు. డాక్టరు ఆడదాని మాట విని మగవాడి ముఖం చూస్తాడు గానీ, తక్కెడ ఎవరి ముఖమూ చూడదు. బ్రీడా కర్ర ఆపింది. ఎప్పుడూ ఆపని చెయ్యి ఆగేసరికి అత్త కళ్ళు తెరిచి చూసి, మళ్ళీ జపంలో పడింది.

గిన్నెడు మాంసం, రొట్టె, పైన చిక్కటి పులుసు. తడిక వేసిన అరలో టిల్లీ ముందు పెట్టి తలుపు వేసుకుని కూర్చుంది. టిల్లీ నమ్మలేనట్టు ఒకసారి ఆమె ముఖం చూసింది. పందెం రోజు ఇంత కూడు దాని జన్మలో లేదు. "తిను తల్లీ," అంది బ్రీడా. "తినవే, ఎవరూ ఏమీ అనరు." అంటారని ఆమెకి తెలుసు. ఇంటికి వచ్చాక ఫింటన్ ఏమంటాడో, ఎన్నాళ్ళు అంటాడో కూడా తెలుసు. మధ్యాహ్నం మళ్ళీ ఒక గిన్నె పాలు పట్టింది. పొట్ట కనపడకుండా ఉన్ని కోటు తొడిగి వ్యాను ఎక్కించింది. ఫింటన్ చూడలేదు. ట్రాకులో జనం ముందు గొలుసు పట్టుకుని నడిపించేదాకా కుక్కని చూసే అలవాటు అతనికి లేదు. దారంతా ఈల వేస్తూనే ఉన్నాడు.

తూకం గదిలో పెద్ద దీపాల కింద మిగతా ట్రైనర్లందరూ ఉన్నారు. మొన్న వచ్చిన రేడియో మనిషి కూడా మైకు పట్టుకుని నిలబడ్డాడు. బ్రీడా కోటు విప్పి టిల్లీని తక్కెడ ఎక్కించింది. పందెం నియమాలు చూసే స్టీవర్డు ముల్లు చూశాడు, చేతిలోని కాగితం చూశాడు, దింపి మళ్ళీ ఎక్కించమన్నాడు. మళ్ళీ అంతే.

"ఫింటన్, ఇది పరుగెత్తదయ్యా," అన్నాడు. "పొట్ట చూడు ఎలా ఉందో. ఫైనలు నాడు ఇంత కూడు పెట్టిందెవరు?"

గదిలో అందరూ ఫింటన్ వైపు తిరిగారు. ప్రతి ముద్దా నా చేత్తోనే పెడతానన్న మాట పొద్దున అందరూ విన్నారు. ఫింటన్ ముఖం కందగడ్డలా అయింది. అతని కళ్ళు రేడియో మనిషి మీదికి వెళ్ళి, అక్కణ్ణుంచి బ్రీడా మీదికి వచ్చాయి. ఒక్క క్షణం ఆమెకి అతని మీద జాలి కూడా వేసింది. నేనే పెట్టానని అతనే అంటాడేమో, అంటే ఏం చెయ్యాలి అనుకుంది.

"నన్నడుగుతారేంటండీ," అన్నాడు ఫింటన్. "కూడు సంగతి నాకేం తెలుసు? వండేదీ పెట్టేదీ మా ఆవిడే. నడిపించేది తనే, కాళ్ళు పట్టేది తనే. మొదట్నుంచీ అంతా తనే. నేను వేలు కూడా పెట్టను. ఏం చేసి చచ్చిందో దాన్నే అడగండి."

ఇరవై ఆరేళ్ళ కాపురంలో నలుగురి ముందు ఫింటన్ పలికిన మొదటి నిజం అది. అది పొగడ్తగా వస్తుందని ఒకప్పుడు ఎదురుచూసేది. వానలో కుక్కల్ని నడిపించే రోజుల్లో, ఏదో ఒక కప్పు పుచ్చుకుంటూ తన వైపు చెయ్యి చూపిస్తాడని. చెయ్యి ఇప్పుడు చూపించాడు. బ్రీడాకి ఏడుపు రాలేదు. ఒళ్ళంతా చల్లబడినట్టయింది.

స్టీవర్డు కలం తీశాడు. తప్పు ఎవరిదో రిపోర్టులో రాయాలి, ఎవరి పేరు రాయమంటావని అడిగాడు.

"ఆవిడ పేరే రాయండి," అన్నాడు ఫింటన్.

టిల్లీ కుడి వెనక్కాలు కొంచెం ఎత్తిపెట్టి బ్రీడా మోకాలికి ఆనుకుని నిలబడింది. బ్రీడా దాని చెవులు నిమిరింది.

"బ్రీడా హ్యాకెట్," అంది. "ఈ కుక్కకి నేనే పెట్టానండీ, కాలు బాగాలేదని తెలిసే పెట్టాను. రాయండి. ఇంతకుముందు ఇక్కడ గెలిచిన వాటికి కూడా నేనే పెట్టాను. ఆ కాగితాలు కూడా తీయించి, వాటి మీదా నా పేరే రాస్తారా?"