నురగ తీసే గొట్టం

నేను ఒక గొట్టాన్ని. మూరెడు పొడుగు, అడుగున మోటారు, నెత్తిన ఒక కప్పు. ఉప్పునీటి చేపల తొట్టెలో మురికిని బుడగలతో పైకి లాగి, నురగగా ఆ కప్పులో పోగుచేస్తాను. కంపెనీవాళ్ళు నాకు ప్రోటీన్ స్కిమ్మర్ అని పేరు పెట్టారు. నేనుండే ఇంటి ఆవిడ మాత్రం కంపుగొట్టం అంటుంది. నిజం చెప్పాలంటే రెండో పేరే నాకు నప్పుతుంది.

విశాఖపట్నంలో జలీల్ భాయ్ చేపల తొట్టెల కొట్లో, పై అరలో ఎనిమిది నెలలు దుమ్ము పట్టి ఉన్నాను. వచ్చినవాళ్ళంతా కింది అరలో తళతళలాడే డబ్బా ఫిల్టర్‌నే అడిగేవారు. మురికి తీసే వస్తువును కూడా మనుషులు అందం చూసే కొంటారని నాకు అక్కడే తెలిసింది.

ఆ కొట్టుకు ఒకరోజు మైలపిల్లి పోలారావు వచ్చాడు. ముప్ఫై ఏళ్ళు హార్బర్‌లో నీటి అడుగుకు దిగి, ఓడల పంకాలకు చుట్టుకున్న తాళ్ళు కోసిన మనిషి. ఎడమ చెవిలో కర్ణభేరికి చిల్లి పడింది. మళ్ళీ నీళ్ళలో తల ముంచొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అడుగున రాళ్ళ మధ్య చూసిన రంగుల కోసం ప్రాణం కొట్టుకుపోయి, ఇంట్లోనే నాలుగడుగుల తొట్టె పెట్టించి, సముద్రపు నీళ్ళు మోసుకొచ్చి నింపాడు. ఫిల్టర్ మాత్రం పెట్టలేదు. వారం తిరక్కుండా నాలుగు చేపలు పోయాయి.

"సముద్రం నీళ్ళకి మళ్ళీ ఫిల్టరేటి బాయ్?" అన్నాడు కోపంగా.

"సముద్రం అంతది కాబట్టి దాని మురికి అదే చూసుకుంటుంది, పోలారావు గారూ. మీ తొట్టె ఎంతని?" అన్నాడు జలీల్ భాయ్. డబ్బా ఫిల్టర్ చూపించి, "ఇది మురికిని పట్టి లోపల దాస్తుంది. కడగడం మరిచారా, అక్కడే కుళ్ళుతుంది. ఆ పైనున్నది కుళ్ళకముందే బయటికి తోసేస్తుంది" అన్నాడు.

నన్ను దింపి, వాడుతున్న తొట్టెలో పెట్టి చూపించాడు. కాసేపటికి నా మెడలోకి పసుపుపచ్చ నురగ ఎక్కింది. పోలారావు వంగి చూస్తూ ఉండిపోయాడు.

"గట్టున కెరటం ఇరిగినాక నురగ ఒగ్గేసి పోతాది, అదే గదా ఇది! సముద్రం సేసే పనే!"

నన్ను అంత గౌరవంగా చూసినవాడు అంతకుముందు లేడు. గర్వపడ్డానని ఒప్పుకుంటాను.

నన్ను ఇంటికి తెచ్చి తొట్టెలో పెట్టి, నీళ్ళు కుదుటపడ్డాక రెండు మెత్తని, ప్రాణమున్న పగడాలు, ఒక నారింజ రంగు చేపల జంట వచ్చాయి. పోలారావు పొద్దస్తమానం తొట్టె ముందే. అతని భార్య నూకాలు నా కప్పు కడుగుతూ ముక్కు మూసుకుని నన్ను తిట్టేది. అయినా ఒక్కరోజు కడగడం మానలేదు.

ఆవిడకో అలవాటు ఉండేది. మొగుడు నీళ్ళలోకి దిగిన ప్రతి రోజూ గట్టున నిలబడి సముద్రంలో చెంబెడు పాలు పోసి, గంగమ్మకు దండం పెట్టేది. ముప్ఫై ఏళ్ళూ అతను క్షేమంగా పైకి వచ్చాడు.

ఆ మధ్య చెవికి ఆపరేషన్ కుదిరింది. పోలారావు తమ్ముణ్ణి తోడు తీసుకుని, "నువ్వు ఇంటికాడే ఉండే. సేపలు జాగర్త" అని భార్యకు చెప్పి వెళ్ళాడు. పొద్దున పది గంటలకు మత్తు ఇస్తారట. మత్తులోకి దిగడమూ నీళ్ళలోకి దిగడమూ నూకాలుకు ఒకటే. గట్టుకు వెళ్దామంటే ఇల్లు కదలొద్దన్నాడు. పది కొట్టగానే చెంబుతో పాలు తెచ్చి తొట్టె ముందు నిలబడింది.

"ఇదీ నీ నీళ్ళే గదా తల్లీ. ఆడిని పైకి అంపియ్యి" అని మొత్తం పోసేసింది.

నీళ్ళు తెల్లబడ్డాయి. పాల జిడ్డు తగలగానే నా నురగ చచ్చిపోయింది. ఏ పని కోసం నన్ను ఏరుకున్నారో ఆ పని, అవసరమైన గంటలోనే నాకు చేతకాలేదు. నాకు చచ్చేంత సిగ్గేసింది. చేపలు రెండూ పైకి వచ్చి నోళ్ళు తెరిచాయి. నూకాలు బెదిరిపోయి జలీల్ భాయ్‌కి ఫోన్ చేసింది.

"మోటారు ఆపకమ్మా! కప్పు నిండినప్పుడల్లా పారబొయ్యి. నీళ్ళు తెస్తున్నా" అన్నాడతను.

మధ్యాహ్నానికి నా ఊపిరి తిరిగి వచ్చింది. ఇక పొంగాను చూడండి, కప్పు నిండి నేలమీదికి కారింది. ఆవిడ పారబోస్తూనే ఉంది, చీరకొంగుతో తుడుస్తూనే ఉంది. జలీల్ భాయ్ వచ్చి సగం నీళ్ళు మార్చాడు. ఒక చేప బతికింది. రెండోదాన్ని ఆవిడ అరచేతిలో పట్టుకుని ఉండగా మరిది ఫోన్ వచ్చింది, ఆపరేషన్ బాగా జరిగిందని. సంతోషించాలో ఏడవాలో ఆవిడకు తెలియలేదు.

మూడో రోజు పోలారావు చెవికి కట్టుతో వచ్చాడు. తొట్టె ముందు కూర్చుని ఒంటరి చేపను చూశాడు. నూకాలు అతని ఎడమవైపు చేరి, కట్టు కట్టిన చెవి దగ్గర గొణిగింది.

"పాలు పోసీసినాను మావా. నానే సంపీసినాను."

అతను తల తిప్పలేదు. వినపడలేదనుకుని లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మూడు వారాలు ఆవిడ సరిగా అన్నం తినలేదు, నన్ను తిట్టనూ లేదు.

కట్టు విప్పిన రోజు అతనికి ఎదురుగా నిలబడి అదే మాట మళ్ళీ చెప్పింది.

"ఆ యాలే ఇన్నానే. కుడిసెవి బాగానే ఉంది గదా" అన్నాడు పోలారావు.

"మరేటీ అనలేదేం?"

"ఏటైనా అంటే, నువ్వింక నాకోసం పాలు పొయ్యవేమోనని బయవేసింది."