కూర్చోనన్న నేరం

అమెరికా దక్షిణాదిలోని మా హార్లో పట్టణపు కోర్టు భవనంలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే బల్లల మీద కూర్చోవచ్చని పైకోర్టు తీర్పిచ్చిన మర్నాడే, మా పట్టణ సభ ఆ భవనంలోని కుర్చీలూ బల్లలూ అన్నీ గోదాముకు తరలించింది. ఎవరికీ లేకపోతే అందరూ సమానమే కదా అన్నారు. జడ్జిగారు కిటికీ గట్టుకు ఆనుకుని తీర్పులు చెప్పసాగారు. పన్ను కట్టడానికొచ్చిన తెల్ల రైతులు బకెట్లు బోర్లించి కూర్చోబోతే పోలీసులు బకెట్లు లాక్కున్నారు.

కుర్చీలు తిరిగి వేయించాలని మళ్లీ కోర్టుకు అర్జీ రాసింది నేనే. మొదటి సంతకం మా పెద్దమ్మ వెర్లీన్ గాడ్స్‌డెన్‌ది.

అప్పటికే ఆవిడ పెద్దకొడుకు ఏమస్ వియత్నాంలో చనిపోయాడు. చలికాలంలో చిన్నవాడు రోజెల్‌కు కూడా సైన్యం నుంచి పిలుపు వచ్చింది. మిగిలింది వాడొక్కడే, వదిలేయమని అడగడానికి పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకుని బోర్డుకు వెళ్లింది. కుర్రాళ్లను యుద్ధానికి ఎంచే ఆ బోర్డు కూడా కోర్టు భవనంలోనే ఉంది.

"ఏం వెర్లీన్, ఇలా వచ్చావ్?" అన్నాడు గుమాస్తా డనవే. అతనిది ఏమస్ ఈడు.

"మిసెస్ గాడ్స్‌డెన్," అని సరిదిద్దింది పెద్దమ్మ.

"సరే వెర్లీన్. కూర్చుని చెప్పు."

"ఎక్కడ కూర్చోమంటావ్ నాయనా, నీ నెత్తి మీదా?"

డనవే ఇబ్బందిగా గోడ మీది నియమం చూపించాడు. ఒకప్పుడు ఎవరో రైతు నిలబడి మాట్లాడుతూ మాట్లాడుతూ చైర్మన్ ముక్కు మీద గుద్దాడట. అప్పటినుంచీ విన్నపం చేసుకునేవాళ్లు కూర్చునే మాట్లాడాలి. కూర్చోకపోతే విచారణ లేదు. విచారణ కాకుండా కుర్రాణ్ణి తీసుకుపోవడానికి లేదు.

"నేల మీద కూర్చుంటే?" అన్నాడు కాళ్లు పీకుతున్న ఒక బోర్డు సభ్యుడు.

"నల్లవాళ్లు నేల మీద కూర్చుంటే నిరసన కింద లెక్క సార్. అరెస్టు చెయ్యాలి."

నియమం మార్చాలన్నా బోర్డు కూర్చుని సమావేశం కావాలట. విచారణ వాయిదా పడింది. పిలిచినప్పుడల్లా వెళ్లాం, నిలబడ్డాం, తిరిగొచ్చాం. రోజెల్ గ్యారేజీలో పని చేసుకుంటూనే ఉన్నాడు.

ఒకరోజు వరండాలో మిసెస్ కల్‌పెపర్ అనే తెల్లావిడ పెద్దమ్మ పక్కకు చేరి, "మీవాడు ఇంకా ఇంట్లోనే ఉన్నాడటగా, ఎలా?" అని గుసగుసగా అడిగింది.

"నిలబడ్డానమ్మా. మీరూ నిలబడండి."

తర్వాత ఆ వరండా నిండా తల్లులే. యుద్ధం కావాలని అందరికన్నా గట్టిగా అరిచే మా పట్టణం నుంచి ఆ వసంతంలో ఒక్క కుర్రాడు కూడా వెళ్లలేదు.

అప్పుడు మా అర్జీ నెగ్గింది. పాస్టరుగారు చర్చి గంట మోగించారు. నేను పరుగెత్తుకెళ్లేసరికి పెద్దమ్మ బఠాణీలు వలుస్తోంది.

"గెలిచాం పెద్దమ్మా! రేపే కుర్చీలొస్తున్నాయి."

"ఎవడు గెలవమన్నాడ్రా నిన్ను? పోయి వెనక్కి తీసుకో."

"తీర్పొచ్చాక ఎలా కుదురుతుంది? అయినా అది మన హక్కు కదా."

"హక్కే. కాదన్నానా? ఎప్పుడు వాడుకోవాలో నేను చూసుకుంటాను."

మర్నాడు డనవే తన రుమాలుతో కుర్చీ తుడిచి మరీ, "రండి మిసెస్ గాడ్స్‌డెన్, కూర్చోండి," అన్నాడు. ఆ మాట కోసం మా తాతల నాటినుంచీ ఎదురుచూశాం. పెద్దమ్మ తన చేతిసంచీని కుర్చీలో పెట్టి, పక్కన నిలబడింది.

"కూర్చోండి!" అని అరిచాడు చైర్మన్.

"కూర్చోను."

పోలీసులు వచ్చి ఆవిణ్ణి తీసుకుపోయారు. కూర్చోవడానికి నిరాకరించి శాంతికి భంగం కలిగించిందని నేరం రాశారు.

"ఎంతసేపు నిలబడుతుందిలే," అన్నాడు డనవే నాతో. "ఎప్పుడు కూర్చుంటే అప్పుడే బోర్డు జైలుకొచ్చి విచారణ జరుపుతుంది."

సాయంత్రం నేను మొక్కజొన్న రొట్టె పట్టుకెళ్లాను. జైలుగదిలో బల్ల ఉంది. పెద్దమ్మ దాన్ని ముట్టుకోలేదు. పక్క గదిలో బోర్డు సభ్యులు ముగ్గురూ గోదాము నుంచి తిరిగొచ్చిన కుర్చీల్లో కూర్చుని, తలుపు సందులోంచి ఆవిడనే చూస్తున్నారు.

"నొప్పిగా ఉందా?" అన్నాను.

"మాటలు తర్వాత. ముందు కాళ్లు పట్టు."

ఊచల మధ్యనుంచి చేతులు దూర్చి, నిలబడ్డ మనిషికి నిలబడినట్టే పిక్కలు ఒత్తాను.